ఒత్తు ఏడ వోయిందిరా?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

సాఫ్ట్‌వేర్ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను ఒక ఒత్తు గురించి మాట్లాడతాను.

ఆరో తరగతిలో మా తెలుగు సారు డిక్టేషన్ నోట్సు తిరగేస్తూ, "ఒత్తు ఏడ వోయిందిరా?" అని చెవి పట్టుకునేవారు. చాలా ఏళ్ళ తర్వాత అదే ప్రశ్న నేనొక కంప్యూటర్ ప్రోగ్రాంను అడగవలసి వచ్చింది.

మా బాపు కామారెడ్డిలో ఒక ఆఫీసు నుంచి కాగితం తెచ్చుకున్నాడు. చిరునామాలో ఎల్లారెడ్డి ఉండాల్సిన చోట "ఎల్‌లారెడ్‌డి" అని అచ్చయింది. దాన్ని పట్టుకొని ఇంకో ఆఫీసుకు పోతే, "ఊరి పేరు కలుస్తలేదు, మల్ల తీస్కరా" అన్నారు. మళ్ళీ తీయిస్తే మళ్ళీ అదే. టైపు చేసిన పిల్లవాడు సరిగ్గానే కొట్టాడు, తెర మీద సరిగ్గానే కనిపించింది, పీడీఎఫ్‌లోకి వెళ్ళగానే విరిగింది. బాపు ఎల్లారెడ్డి నుంచి మూడుసార్లు బస్సెక్కాడు. యాసంగి పెట్టుబడికి రావాల్సిన అప్పు ఆలస్యమైంది. "నువ్వు కంప్యూటర్లల్లనే పని చేస్తవ్ గదా, గిదెందుకిట్ల?" అని ఫోనులో అడిగితే నా దగ్గర జవాబు లేదు.

తర్వాత తెలుసుకున్నదే మీకు చెబుతాను. యూనికోడ్‌లో తెలుగు ఒత్తులకు విడిగా సంకేతాలు లేవు. "ఎల్లారెడ్డి"ని కంప్యూటర్ 11 సంకేతాలుగా దాచుకుంటుంది. చివరి "డ్డి"లో వరుసగా డ, పొల్లు, ఇంకో డ, ఆఖరున గుడి ఉంటాయి. మనం రాసేటప్పుడు మాత్రం గుడిని మొదటి డ నెత్తిన పెట్టి, రెండో డను కింద ఒత్తుగా వేస్తాం. ఆఖరున వచ్చిన గుర్తు ముందున్న అక్షరం మీదికి ఎక్కాలి, రెండో అక్షరం రూపం మార్చుకొని కిందికి దిగాలి. మనకు రెండో తరగతిలోనే ఈ పని చేతికి వచ్చేసింది కాబట్టి ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంగ్లీషు కోసం రాసిన ప్రోగ్రాంకు ఈ సంగతి తెలియదు. ఒక్కో సంకేతానికి ఒక్కో బొమ్మ తీసి పక్కపక్కన పేర్చుకుంటూ పోతుంది. ఒత్తు బొమ్మ ఫాంటులో ఉన్నా, దాన్ని అడిగి తీసుకునే నాథుడు లేడు.

ఆ పీడీఎఫ్ తయారుచేసినది ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ. దాని పేరు చెప్పను. రాసినవాళ్ళు జీతం లేకుండా రాశారు, వాళ్ళలో తెలుగు చదవగలిగినవారు ఒక్కరూ లేరు. ఓపెన్ సోర్స్ అంటే కోడు అందరికీ తెరిచి ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు, దిద్దవచ్చు. నేను దిద్దబోయాను. మొదటిసారి చేసింది తెలివితక్కువ పని. "ల్ల" వస్తే ఇట్లా, "డ్డ" వస్తే అట్లా అని విడివిడిగా రాశాను. ఎల్లారెడ్డి బాగుపడింది, కామారెడ్డి కూడా బాగుపడింది. సంబరపడి పంపించాను. "రాష్ట్రం" అని కొట్టగానే కుప్పకూలింది, అందులో రెండు ఒత్తులు కదా! లైబ్రరీని చూసుకునే ఆయన మర్యాదగానే, ఈ పనికి ఇంతకుముందే ఒక లైబ్రరీ ఉంది, దానికి అప్పగించు అని రాశాడు.

అదే హార్ఫ్‌బజ్. ఫాంటులోని నియమాలు చదివి, ఏ అక్షరం పక్కన ఏది ఏ రూపంలో, ఎక్కడ కూర్చోవాలో లెక్కగడుతుంది. ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఎస్ఫాబోద్ దాన్ని ఎక్కువగా రాశాడు. పేరు పారసీ మాటల నుంచి వచ్చింది. హర్ఫ్ అంటే అక్షరం. ఉర్దూ మీడియంలో చదివిన మన పెద్దలకు ఈ మాట నేను చెప్పనక్కరలేదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రే ఆఫీసు అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. దాన్ని పరీక్షించడానికి 9 లక్షల 70 వేలకు పైగా తెలుగు పదాలు పెట్టి, ప్రతిదాన్నీ విండోస్ చూపించే రూపంతో పోల్చారు. ఒక దశలో తేడా వచ్చినవి 18 మాత్రమే. ఆ లెక్క చూసినప్పుడు మా సారే గుర్తొచ్చారు.

కోడు మూసి ఉంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. "జ్ఞా"లో కంటికి కనిపించని ఒక గుర్తు చేరిన రూపం సందేశంలో వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ పడిపోయేది. తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోందని వార్తలు రాశారు. పాపం, అక్షరం ఏం చేసింది? ఆపిల్ 11.2.6 తెచ్చేదాకా బయటివాళ్ళు కారణం ఊహించగలిగారే గానీ, దిద్దే వీలు ఎవరికీ లేకపోయింది.

హార్ఫ్‌బజ్‌ను జతచేయడానికి నాకు నాలుగు నెలల ఆదివారాలు పట్టాయి. ఒత్తులు వచ్చాయి. అప్పుడు ఇంకో తప్పు బయటపడింది. కాగితం మీద అంతా చక్కగా ఉంది, కానీ పీడీఎఫ్‌లో "ఎల్లారెడ్డి" అని వెతికితే దొరకదు. బొమ్మలు గీశాం గానీ, ఏ బొమ్మ వెనుక ఏ సంకేతాలున్నాయో రాసిపెట్టలేదు. దానికి మరో రెండు నెలలు. చివరికి మార్పుతో పాటు ఒక పరీక్షను కూడా చేర్చుకున్నారు. ఇప్పుడు ప్రపంచంలో ఎవరు ఆ కోడులో ఒక్క గీత మార్చినా, యంత్రం ముందు "ఎల్లారెడ్డి", "కామారెడ్డి", "రాష్ట్రం" రాసి చూస్తుంది. ఒత్తు తప్పితే ఆ మార్పును లోపలికి రానివ్వదు.

బాపు పని మాత్రం నా కోడుతో కాలేదు. నాలుగోసారి పోయినప్పుడు అక్కడి గుమాస్తా ఇంగ్లీషులో అచ్చు తీసి ఇచ్చాడు.

భోజనాల తర్వాత నేను పదో తరగతి గదిలో ఉంటాను. మీ ఫోన్లలో, రసీదుల్లో, పాసు పుస్తకాల్లో విరిగిన అక్షరాలుంటే తీసుకురండి. ఫొటో ఒక్కటే చాలదు, దాంట్లో సంకేతాలు కనిపించవు. అసలు టైపు చేసిన మాట, ఏ ఫాంటు, ఏ ప్రోగ్రాం, అవి కూడా కావాలి. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చుంటే ఈ సాయంత్రమే ఒకటి రాసి పంపిద్దాం.