పోరాట పుస్తకాల్లో మన వాడ ఎక్కడ?

(మేళ్లచెరువులో చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణ సాయుధ పోరాటాన్ని మనం పుస్తకాల్లో వెతుకుతున్నాం. మంచిదే. కానీ ఒక ప్రశ్నను వెంట పెట్టుకొని చదువుదాం: ఇందులో మనమెక్కడున్నాం?

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ చదివినం. గడీ దౌర్జన్యాన్ని దాచకుండ చెప్పిన నవలలవి. వాటికి రుణపడి ఉన్నాం. అయినా ‘చిల్లర దేవుళ్లు’లో ఊరిని మనకు చూపేది బయటినుంచి వచ్చిన పాటగాడు సారంగపాణి. చెప్పులు, మోట తోలు వెట్టికి కుట్టిచ్చి ఒట్టి చేతులతో ఇంటికి మళ్లిన మాదిగాయన చెప్తే ఆ గడీ కథ ఎట్లుండేదో?

పుచ్చలపల్లి సుందరయ్య 1972లో తెచ్చిన చరిత్ర 3,000 గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపకం, 4,000 మంది అమరులు అని లెక్క చెప్తుంది. మన వాడలు వెట్టికి ఇంటికో మనిషిని పంపిన సంగతీ చెప్తుంది. భూపరిమితి మొదట 500 ఎకరాలు పెట్టి, తర్వాత మెట్ట 100, తరి 10 ఎకరాలకు దించినరట. దొరకు 500 వదిలితే జీతగానికి దక్కేదెంత? అడిగే హక్కు మనది.

1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆడవాళ్ల నోటనే పోరాటాన్ని చెప్పించింది. మన దారీ అదే. ఆనాటి మనుషులు దాదాపు పోయిండ్రు. వాళ్ల మాట విన్న బిడ్డలున్నరు. పంచుకున్న చెలక ఏది? 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చినంక అది ఎవరి చేతికి పోయింది? ఇంటింటికీ పోయి అడుగుదాం, రాసుకుందాం. యాదిని పుస్తకంతో, పుస్తకాన్ని యాదితో సరిచూద్దాం.

జై భీమ్!