కొమ్ములు లేని గొర్రె

పెన్నా ఒడ్డున మన సంగంలో మేసే నెల్లూరు జాతి మందను చూడండి. పొట్టేలుకు మెలి తిరిగిన కొమ్ములుంటాయి. ఆడ గొర్రెకు సాధారణంగా ఉండవు. జతకోసం పొట్టేళ్లు తలలు ఢీకొని పోరాడతాయి. గొర్రెకు ఆ పోరు లేదు. దాని బలమంతా గర్భానికీ, పాలకూ వెళుతుంది. అల్లాహ్ ఒకే జాతికి ప్రసాదించిన రెండు రూపాలివి.

అయినా బక్రీదు సమీపిస్తే, గొర్రె ఖుర్బానీకి చెల్లదేమోనని మమ్మల్ని అడుగుతారు. అప్పుచేసి పొట్టేలు కొనేవారూ ఉన్నారు! మహాప్రవక్త (స) కొమ్ములున్న రెండు పొట్టేళ్లను ఖుర్బానీ ఇచ్చారు. స్తోమత ఉన్నవారికి అది ఉత్తమమే. అయితే షరీఅత్‌లో ఆడదీ చెల్లుతుంది. పుట్టుకతో కొమ్ములు లేకపోవడం లోపం కాదు. వయసు నిండి, ఆరోగ్యంగా ఉండాలి. ఈనడానికి దగ్గరపడిన చూడి గొర్రెను మాత్రం మందలోనే ఉండనిద్దాం.