కృత్రిమ మేధ - సాఫ్ట్‌వేరు వృత్తి
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమును కాపాడుకొని వచ్చినవారికి నా నమస్సులు. నన్ను మాటాడుమన్న విషయము గ్రంథాలయమునకు దూరమైనదిగా తోచవచ్చును గాని, మన కుటుంబములకు దూరమైనది కాదు. 1998లో హైదరాబాదు మాదాపూరునందు సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి కంప్యూటరు చదువు ఎందరో రైతుబిడ్డలను నగరములకును, విదేశములకును చేర్చినది. పొలము కుదువబెట్టి ఫీజులు కట్టిన తల్లిదండ్రులు ఈ సభలోను ఉందురు. ఆ దారి ఇక మూతపడునా యన్నదే వారి భయము.

యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయుట సాఫ్ట్‌వేరు ఇంజనీరు పనులలో ముఖ్యమైనది. ఆరంభమున ఆ ఆజ్ఞలను యంత్రపు అంకెలలోనే వ్రాయవలసి యుండెను. 1957లో ఐ.బి.యం. సంస్థయందు జాన్ బ్యాకస్ బృందమువారు ఫోర్ట్రాన్ భాషను వెలువరించిరి. మనుష్యుడు సూత్రమువలె వ్రాసినదానిని యంత్రమే తన అంకెలలోనికి మార్చుకొనజొచ్చెను. ఐనను ప్రోగ్రాములు వ్రాయువారు తగ్గలేదు. పని సులువైనకొలది దానిని కోరువారు పెరిగిరి, వ్రాయువారును పెరిగిరి.

నేటి మార్పు అంతకంటె లోతైనది. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడినవి. కావలసినది మామూలు మాటలలో చెప్పినచో ఇవి ప్రోగ్రామునే వ్రాసి యిచ్చును. పాత సాధనము వ్రాసినదానిని వ్రాసినట్లే మార్చెడిది. ఇది మన ఉద్దేశమును ఊహించి వ్రాయును. ఊహ గనుక తప్పవచ్చును; తప్పినను తడబాటు లేక చెప్పును.

సహకార సంఘమునకు పంట ఋణముల వడ్డీ కట్టు ప్రోగ్రాము కావలెననుకొందము. యంత్రము క్షణములో వ్రాయును. రైతు నడుమ కొంత సొమ్ము చెల్లించినచో ఆ దినమునుండి అసలు తగ్గించినదా? గడువులోపల తీర్చినవారికి రాయితీ లెక్కించినదా? ఈ ప్రశ్నలు సంఘము లెక్కలు ఎరిగినవానికే తట్టును. వ్రాయుట చౌకయైనది, సరిచూచుట చౌక కాలేదు. 2025లో మెటర్ అను పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులకు 246 పనులిచ్చి పరీక్షింపగా, ఈ సాధనములు వాడినపుడు వారికి 19 శాతము అధిక కాలము పట్టినది. వారు మాత్రము 20 శాతము వేగముగా చేసితిమనియే తలచిరి!

అసలు చిక్కు క్రొత్తవారిది. అదే సంవత్సరమున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలోని జీతముల లెక్కలు పరిశీలించి, 22 మొదలు 25 ఏండ్ల సాఫ్ట్‌వేరు ఉద్యోగుల సంఖ్య 2022 చివరినుండి 2025 జూలైకి సుమారు 20 శాతము తగ్గినదనియు, అనుభవజ్ఞుల సంఖ్య అట్లు తగ్గలేదనియు తెలిపిరి. ఇదంతయు కృత్రిమ మేధ వలననే యని అందరును అంగీకరింపలేదు. కాని చిన్న పనులు చేసి చేసియే యెవడైనను పెద్ద పనివాడగును. ఆ చిన్న పనులను యంత్రమున కొప్పగించి, రేపటికి అనుభవజ్ఞులు కావలెననుట నారు పోయక కోతకు కొడవలి నూరుకొనుట వంటిది. సంస్థలు ఈ సంగతి నేడే ఆలోచింపవలెను.

తల్లిదండ్రులారా, కోర్సు పేరు విని అప్పు చేయకుడు. బిడ్డకు గణితమునందును, తర్కమునందును ఆసక్తి కలదో లేదో ముందు చూడుడు. యువకులారా, యువతులారా, యంత్రమును వాడుడు; కాని ముందు మీరు స్వయముగా చేసి, పిదప దానితో పోల్చుకొనుడు. సేద్యమో, బ్యాంకు లెక్కలో, వైద్యమో, మరియొక రంగమును గూడ క్షుణ్ణముగా నేర్వుడు.

కార్యవర్గమువారికి ఒక విన్నపము. వారమున కొక సాయంకాలము, యంత్రము వ్రాసిన ప్రోగ్రామునొకదానిని పదిమంది విద్యార్థులు ఈ బల్లచుట్టు కూర్చుండి, పంక్తి పంక్తియు చదివి, తప్పులెంచు ఏర్పాటు చేయుడు. శ్రద్ధగా చదువుట, చదివినదానిని ప్రశ్నించుట ఈ గ్రంథాలయము నేర్పుచు వచ్చిన విద్యయే గదా! నేడు ఆ వృత్తికి కావలసినదియు అదియే.