బంగారుతీగ చేపలో ఇద్దరి వారసత్వం

చిత్తూరు, తిరుపతి చేపల మార్కెట్లలో శీలావతి, బంగారుతీగ చూసే ఉంటారు. రెండూ దగ్గరి చుట్టాలే. కానీ శీలావతి కణంలో 50 క్రోమోజోములుంటే, బంగారుతీగలో 100! మనకేమో 46. మరి దీనికి రెట్టింపు ఎక్కడివి?

శాస్త్రవేత్తల లెక్క ప్రకారం సుమారు 1.2 కోట్ల ఏళ్ల కిందట రెండు వేర్వేరు జాతుల చేపలు కలిశాయి. అలా పుట్టిన సంకర పిల్లలకు సాధారణంగా సంతానం కలగదు. కంచర గాడిదనే చూడండి. తల్లి క్రోమోజోములకి తండ్రి వైపు సరైన జత దొరకదు. ఇక్కడ మాత్రం మొత్తం సెట్టే రెట్టింపయింది. ప్రతిదానికీ జత దొరికింది, వంశం నిలబడింది.

మరి ఒకే పనికి రెండు జన్యువులుంటే? చాలాసార్లు ఒకటి పాడైపోతుంది, రెండోది పని నడిపిస్తుంది. కొన్ని జతలు పని పంచుకుంటాయి. అరుదుగా ఒకటి కొత్త పని నేర్చుకుంటుంది. బంగారుతీగలో మాత్రం చాలా జతలు ఇంకా మిగిలే ఉన్నాయి. 2014లో దాని జన్యుక్రమం వెలువడ్డాక ఇవన్నీ వివరంగా చూడగలుగుతున్నారు.

దీంతో మనకేం పని అంటారా? రోగాన్ని తట్టుకునే చేపపిల్లలు కావాలంటే, ఏ కాపీ పనిచేస్తోందో తెలియాలి. ఒకదాన్ని మార్చినా, రెండోది ఆ మార్పును కప్పేయొచ్చు.

ఇంకో మాట. వెన్నెముక జీవుల పూర్వీకుల్లోనూ ఇలాంటి రెట్టింపులు జరిగాయి. ఆ గుర్తులు మన జన్యువుల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఈసారి పులుసు తినేటప్పుడు గుర్తు చేసుకోండి.