మాధవి లేని మైదానము



ఏడాది సాహిత్యమునంతయు అధ్యక్షుడు సింహావలోకనము చేయవలెనన్నది మన సభల మర్యాద. నిన్నటి గోష్ఠులలో ఆ పని జరిగినది కనుక, నలువది యేండ్లుగా నేను మోయుచున్న నిరాశ నొకదానిని ఈ పూట మీ ముందు దించుకొందును. అది 1927లో వెలువడిన చలముగారి నవల ‘మైదానము’ నాకు కలిగించిన నిరాశ.

వెనుక వరుసలో చప్పట్లు వినబడుచున్నవి; తొందరపడవలదు. కాపురమును, కులమును, ప్లీడరు మగనిని విడిచి అమీరు వెంట పోయిన రాజేశ్వరియెడ నాకు కోపము లేదు. ఆమెను పతిత యని తిట్టువారు ఇరువది పుటలకు మించి చదివినవారు కారు. రెండవ పక్షమువారు, వారిలో నొకరు నా యెడమ ప్రక్కనే కూర్చుండి కండ్లద్దములు తుడుచుకొనుచున్నారు, రాజేశ్వరి నచ్చలేదన్న ప్రతివానికిని ఛాందసుడని ముద్రవేసి చేతులు దులుపుకొందురు. పాత్ర నచ్చకపోవుట వేఱు, నచ్చని పాత్రను విడువలేకుండ మనలను కట్టివేయుట కవికి చేతకాకపోవుట వేఱు అని ఎన్ని సభలలో మొఱపెట్టుకొన్నను ఆలకించువారు లేకపోయిరి.

బెజవాడలో చదువుకొను దినములలో ఆ పుస్తకమునకు చిన్నయసూరి వ్యాకరణపు అట్ట తొడిగి, ఏలూరు కాలువ గట్టున కూర్చుండి ఒక్క సాయంకాలమున ముగించితిని. శృంగారము కొఱకే తెఱచితిని; దాచనేల? తెలుగు వాక్యమునకు అంతటి వేగ ముండునని అంతకుముందు నే నెఱుగను. కాని అమీరు మనసు మఱియొక పిల్లపై పోగా, రాజేశ్వరి తానే వెళ్లి ఆ పిల్లను బ్రతిమాలు ఘట్టమునొద్ద నా మనసు విఱిగినది. ప్రాచీన కావ్యములలో దూతికను పంపు నాయిక ఇచ్చట తానే దూతిక యైనది. ఆమె తన బాధను మనకు చెప్పును గాని, నిజముగా నీ కెట్లున్నదే యని నిలవేసి అడుగు చెలి లేదు. ఆ పిల్ల ఏమనుకొన్నదో మనకు తెలియనే తెలియదు. ఎవరిమీదను ప్రీతి నిలువక పుస్తకము మూసితిని.

సెలవులకు మువ్వ దాపున నున్న మా మేనత్త యింటికి పోయి, మర్యాదకు భంగము రానంతవఱకు ఆమెకు కథ చెప్పితిని. చింతపండు గింజలు తీయుచు, తలయెత్తకయే, “చెప్పుకోటానికి దానికి ఒక్క మాధవి కూడా లేదట్రా?” అన్నది. అక్షరము రాని ఆమె విమర్శముందు నా నలువదియేండ్ల వ్యాసములును వ్యాఖ్యానమాత్రములే.

కూచిపూడివారి భామాకలాపము తెల్లవాఱులు చూచిన మనిషి గనుక ఆమె ఆ మాట అనగలిగినది. సత్యభామ నచ్చవలసిన మనిషియా? తెర మీదుగా జడ విసరి లోకమును సవాలు చేయు గర్విష్ఠి. చెలికత్తె మాధవి ఆమెను అడుగడుగున ఆటపట్టించును. మగని పేరు చెప్పుమనును. కృష్ణునకు లేఖ మోయుటకు ముక్కున నున్న నగ యిమ్మనును. ఆ బేరములో గర్వము పొరలు పొరలుగా ఊడి లోపలి విరహిణి బయటపడును. అపుడు, తిట్టుకొనుచునే, మన మామె పక్షమున చేరుదుము.

ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’న, తాను పెంచిన ఇళను తానే కృష్ణునకు పెండ్లిచేసి పిదప కుమిలిన రాధయు రాజేశ్వరివంటి పనియే చేసినది. కాని ముద్దుపళని రాధకు అలుకను దక్కనిచ్చినది. సాంత్వనము చేయు భారము కృష్ణునిపై పడినది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు ముద్రింపించిన ఆ కావ్యమును మఱుసటి యేడు నిషేధించిరి; టంగుటూరి ప్రకాశముగారు నిషేధ మెత్తివేయువఱకు అశ్లీలమను మాట తప్ప ఆ అలుకను గూర్చి పలికినవారు అరుదు.

‘మైదానము’నకు జవాబని ప్రసిద్ధమైన విశ్వనాథవారి ‘చెలియలికట్ట’లోను నా వెలితి తీరదు, అందు ధర్మము పలుకును, చెలి పలుకదు. ఒకే బెజవాడ గాలి పీల్చిన ఆ మహానుభావు లిద్దఱును మాధవిని గుమ్మముకడనే నిలిపివేసిరి. మన నవల శృంగారమున తడబడుటకు అశ్లీలము కారణము కాదు, పాశ్చాత్యప్రభావము కారణము కాదు, మాధవీ బహిష్కారమే కారణమని నా సిద్ధాంతము. ఇందుకై మిత్రులు నన్ను ‘మాధవిగారు’ అని పిలుతురు. ఆ బిరుదును ఏ గండపెండేరమునకును మార్చుకొనను.

ఒక్క విన్నపము. భామాకలాపమున సూత్రధారుడే మాధవియై ఆశువుగా విసరు చమత్కారములు వ్రాతలో నిలిచినది స్వల్పము; అవి వృద్ధ భాగవతుల నాలుకలమీద నున్నవి. సత్యభామపై వ్రాయుటకు విద్యార్థులు బారులు తీరుదురు. మాధవిపై వ్రాయుమన్నచో ముఖము చిట్లింతురు. ఆ నాలుకలు మూగవోకముందే కూచిపూడికి పొండు. ప్రక్కన కూర్చుండి వ్రాసికొనుడు.

ఈ రాత్రి ఇదే వేదికపై భామాకలాపము కలదనియు, కాలాభావముచే మాధవి సంవాదమును కుదించితిమనియు కార్యదర్శిగారు ఇపుడే చీటీ పంపిరి. అధ్యక్షోపన్యాసమునకు ఇంకను ఇరువది నిమిషము లున్నవి. వానిని మాధవికి ఇచ్చివేసి సెలవు తీసికొనుచున్నాను.