ముందు కొండ, తర్వాతే సముద్రం

మిత్రులారా, జనవరిలో విశాఖ వెళ్దామన్నారు, సంతోషం. అందరూ ఆర్.కె. బీచ్ అంటున్నారు. నామాట విని, పొద్దున్నే భీమిలి రోడ్డులోని తొట్లకొండకు పదండి. రెండువేల ఏళ్లనాటి బౌద్ధారామం అది. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడింది. నీటికోసం భిక్షువులు రాతిలో తొలిపించుకున్న తొట్లవల్లే ఆ పేరు. స్తూపం, చైత్యం, విహారం అంటూ సోషల్ మాస్టారు బోర్డుమీద గీసేవారే, వాటి పునాదులు అక్కడ కళ్లారా చూడొచ్చు. కిందే సముద్రం. మాస్టారికి ఎనభై దాటాయి, మెట్లెక్కలేరు. బెంగలేదు, కొండమీదికి కారు వెళ్తుంది. నీడ మాత్రం తక్కువ; ఎండ ముదరకముందే దిగాలి. గొడుగులు, మంచినీళ్లు తెచ్చుకోండి. ఫోటోలకోసం ఆ ఇటుకలెక్కకండి, మన వయసుకు బాగుండదు కూడా! బీచ్ సాయంత్రం చూద్దాం. ఆ పాఠం మళ్లీ అక్కడే చెప్తానని మాస్టారు ఒప్పుకున్నారు. వచ్చేవాళ్లు ఇవాళే పేర్లివ్వండి.