మూడు ఓట్లతో ఓడిన సీటు: కార్మార్థెన్ మనకు చెప్పేది

 జై తెలంగాణ.

ఈ సభలో మాట్లాడమని అడిగినప్పుడు మిత్రులు నా ముందు ఒక ప్రశ్న పెట్టారు. "అన్నా, రాజీనామాలు చేసుడు, ఉప ఎన్నికలు తెచ్చుకునుడు, మళ్లీ రాజీనామాలు. ఇట్లా ఎన్నిసార్లు? వీటితోని తెలంగాణ వస్తదా?" 2012 జూన్‌లో పరకాలలో రెండు వేలు కూడా దాటని మెజారిటీతో గట్టెక్కినప్పటి నుంచి ఈ మాట మనలో చాలామంది నోట విన్నాను. దీనికి జవాబు మనం బతుకుతున్న ఈ దేశంలోనే వెతుకుదాం. లండన్ నుంచి పడమటికి నాలుగైదు గంటలు ప్రయాణం చేస్తే కార్మార్థెన్ అనే ఊరు వస్తుంది. వేల్స్‌లో పాడి, పంటల ప్రాంతం. తూర్పు కొసన ఒకప్పుడు బొగ్గు గనులు. ఆ పార్లమెంటు నియోజకవర్గం చరిత్ర తెలిస్తే మన ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

ముందు నేపథ్యం చెప్తాను. యుద్ధం తర్వాత పన్నెండేళ్లు కార్మార్థెన్ లిబరల్ పార్టీది. 1957లో వచ్చిన ఉప ఎన్నికలో మేగన్ లాయిడ్ జార్జ్ ఆ సీటును లేబర్ పార్టీకి గెలిచిపెట్టారు. ఒకప్పటి ప్రధాని డేవిడ్ లాయిడ్ జార్జ్ కూతురు ఆమె. తండ్రి పార్టీని వదిలి లేబర్‌లో చేరిన మనిషి. 1966 మార్చి ఎన్నికల్లో ఆమెకు తొమ్మిది వేలకు పైగా మెజారిటీ వచ్చింది. వేల్స్ జాతీయ పార్టీ ప్లైడ్ కమ్రి అభ్యర్థి గ్విన్‌వర్ ఎవాన్స్ మూడో స్థానంలో నిలిచారు. ఆయనకు వచ్చిన ఓట్లు 7,416.

గ్విన్‌వర్ అప్పటికే ఇరవై ఏళ్లుగా ఆ పార్టీ అధ్యక్షుడు. టమాటాలు పండించి అమ్ముకునే తోట రైతు. యుద్ధాలకు, హింసకు పూర్తి వ్యతిరేకి. వెల్ష్ ఆయనకు ఇంట్లో వచ్చిన భాష కాదు, పట్టుబట్టి నేర్చుకున్నది. 1945 నుంచి పోటీ చేసిన ప్రతి పార్లమెంటు ఎన్నికలోనూ ఓడిపోయారు. 2012 సెప్టెంబరుతో ఆయన పుట్టి సరిగ్గా నూరేళ్లు నిండాయి.

1966 మే నెలలో మేగన్ కన్నుమూశారు. జూలై 14న ఉప ఎన్నిక. మార్చిలో మూడో స్థానంలో ఉన్న గ్విన్‌వర్‌కు ఈసారి 16,179 ఓట్లు వచ్చాయి. లేబర్ అభ్యర్థి మీద 2,436 మెజారిటీ. నూటయిదు రోజుల్లో ఓట్లు రెట్టింపు దాటాయి. ప్లైడ్ కమ్రి పుట్టింది 1925లో. నలభై ఒక్క ఏళ్లకు మొదటి ఎంపీ.

ఎందుకు గెలిచారు? ఆ పదహారు వేల మందీ ప్రత్యేక వేల్స్ కోసమే ఓటేశారని అనుకుంటే తప్పు. ఆ ఏటికి ముందే కార్మార్థెన్ నుంచి అబెరిస్ట్‌విత్ వెళ్లే ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి. గనులు మూతపడుతున్నాయి. పిల్లలు తక్కువున్నారని పల్లె బడులకు తాళాలు వేస్తున్నారు. చిన్న రైతుకు గిట్టుబాటు లేదు. ఇవన్నీ వేరువేరు కష్టాలు. గ్విన్‌వర్ 1949 నుంచి జిల్లా కౌన్సిల్‌లో కూర్చుని ఒక్కో కష్టం వెంట తిరిగారు. చివరికి ఆ కష్టాలన్నిటినీ ఒకే ప్రశ్నగా జనం ముందు పెట్టారు: మన ఊరి బడి ఉండాలో వద్దో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంది?

నీళ్ల కథ మనకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. ఉత్తర వేల్స్‌లో ట్రవేరిన్ అనే లోయ ఉండేది. అందులో కాపెల్ కెలిన్ అనే చిన్న పల్లె. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరానికి నీళ్లు కావాలని ఆ లోయను ముంచడానికి 1957లో పార్లమెంటు చట్టం చేసింది. వేల్స్ ఎంపీల్లో ఒక్కరు కూడా దానికి అనుకూలంగా ఓటు వేయలేదు. అయినా చట్టం అయింది. 1965లో జలాశయం ప్రారంభమైంది. బడి, ప్రార్థనా మందిరం, ఇళ్లు నీళ్ల కిందకు పోయాయి. ఒక ప్రాంతం ప్రతినిధులంతా వద్దన్నా, సభలో లెక్క వేరే వాళ్ల చేతిలో ఉంటే ఏమవుతుందో శాసనసభలో మన సంఖ్య చూసుకున్న మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

గెలిచిన గ్విన్‌వర్ లండన్ వచ్చారు. వెల్ష్ భాషలో ప్రమాణం చేస్తానంటే ఒప్పుకోలేదు. ఆరు వందలకు పైగా ఉన్న సభలో ఒక్కడు ఏం చేయగలడు? కానీ మరుసటి ఏడాది కోర్టుల్లో వెల్ష్ మాట్లాడే హక్కును గట్టిపరిచే చట్టం వచ్చింది. అదే 1967లో స్కాట్లండ్‌లోని హామిల్టన్ ఉప ఎన్నికలో స్కాటిష్ నేషనల్ పార్టీ గెలిచింది. లేబర్‌కు కంచుకోటలైన రోండా వెస్ట్, కేర్‌ఫిల్లీ ఉప ఎన్నికల్లో ప్లైడ్ కమ్రి గెలవకపోయినా దడ పుట్టించింది. అప్పుడు ప్రధాని హెరాల్డ్ విల్సన్ ఏం చేశారు? మీరు ఊహించిందే. కమిషన్ వేశారు. 1969లో మొదలైన ఆ రాజ్యాంగ కమిషన్ నివేదిక ఇచ్చింది 1973లో. శ్రీకృష్ణ కమిటీకి పదకొండు నెలలు పట్టిందని మనం బాధపడ్డాం.

ఈలోగా 1970లో సాధారణ ఎన్నికలు వచ్చాయి. లేబర్ యువకుడు గ్వినోరో జోన్స్ చేతిలో గ్విన్‌వర్ 3,907 ఓట్లతో ఓడిపోయారు. ఉప ఎన్నికలో జనం ఒక మాట చెప్పడానికి ఓటేస్తారు, సాధారణ ఎన్నికలో ప్రభుత్వాన్ని ఎన్నుకోవడానికి వేస్తారు. 2008లో మన నాలుగు ఎంపీ, పదహారు ఎమ్మెల్యే స్థానాలకు రాజీనామా చేస్తే తిరిగి వచ్చినవి రెండు, ఏడు. 2009లో పది మంది ఎమ్మెల్యేలే మిగిలారు. 2010 జూలైలో పన్నెండు స్థానాల్లో పదకొండు టీఆర్ఎస్‌వి, ఒకటి బీజేపీది. అదే ప్రాంతం, అదే జనం. ఎన్నిక రకం, సందర్భం మారితే అంకె మారుతుంది. అందులో జనం కోరిక చచ్చిపోయిందని చదువుకోవాల్సిన పని లేదు.

ఇక అసలు ఎన్నిక. 1974 ఫిబ్రవరి 28. కార్మార్థెన్‌లో ఓట్లు లెక్కించి, మళ్లీ లెక్కించి, ఇంకా లెక్కించారు. లేబర్‌కు 17,165. గ్విన్‌వర్‌కు 17,162. మూడు ఓట్లు. ఒక ఇంట్లో వాళ్లు చలికి బయటికి రాకుంటే పోయేన్ని ఓట్లు.

ఆ రాత్రి ఉద్యమం ముగిసిందని ఎవరైనా అనుకోవచ్చు. కానీ అదే రాత్రి ఉత్తరాన కెయర్నార్వన్, మెరియోనెత్ స్థానాలను ప్లైడ్ కమ్రి గెలిచింది. నాయకుడు ఓడిపోయాడు, పార్టీకి ఇద్దరు ఎంపీలు వచ్చారు. ఎనిమిది నెలలకు, అక్టోబరులో మళ్లీ ఎన్నికలు. ఈసారి గ్విన్‌వర్ 3,640 ఓట్ల తేడాతో గెలిచారు.

అక్కడి నుంచి సాఫీగా సాగిందా అంటే అదీ లేదు. లేబర్ ప్రభుత్వం వేల్స్‌కు శాసనసభ ఇచ్చే చట్టం తెచ్చి 1979 మార్చి 1న ప్రజల తీర్పు కోరింది. నూటికి ఎనభై మంది వద్దన్నారు. ఢిల్లీ వద్దనడం కాదు, సొంత జనమే వద్దన్నారు. అదే నెలలో ప్రభుత్వం మీద అవిశ్వాసం వచ్చింది. రాతి గనుల్లో దుమ్ము మింగి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న కార్మికులకు పరిహార చట్టం తెస్తారన్న మాట తీసుకుని ప్లైడ్ కమ్రి ముగ్గురు ఎంపీలు ప్రభుత్వం వైపు ఓటేశారు. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. కానీ కార్మికుల చట్టం వచ్చింది. మే నెల ఎన్నికలో గ్విన్‌వర్ మళ్లీ ఓడిపోయారు.

అరవై ఏడేళ్ల మనిషి, పదవి లేదు, జనం తీర్పు వ్యతిరేకంగా ఉంది. అప్పుడు కొత్త కన్సర్వేటివ్ ప్రభుత్వం ఒక తప్పు చేసింది. వెల్ష్ భాషలో టీవీ చానల్ పెడతామని ఎన్నికల ప్రణాళికలో రాసి, అధికారంలోకి వచ్చాక మాట మార్చింది. డిసెంబరు 9 ప్రకటన, డిసెంబరు 23 ప్రకటన చూసిన మనకు ఆ రుచి తెలుసు. 1980 అక్టోబరు 6 నుంచి ఆమరణ నిరాహార దీక్షకు కూర్చుంటానని గ్విన్‌వర్ ప్రకటించారు. సెప్టెంబరు 17న మార్గరెట్ థాచర్ ప్రభుత్వమే దిగివచ్చింది. ఆ చానల్ 1982 నవంబరు 1న మొదలైంది. ఇప్పటికీ నడుస్తోంది. ఎంపీగా ఉన్నప్పుడు సాధించలేనిది ఆయన ఓడిన ఎంపీగా సాధించారు.

1983లో ఆయన చివరిసారి కార్మార్థెన్‌లో నిలబడ్డారు. మూడో స్థానం వచ్చింది. 1966 మార్చిలో ఎక్కడ ఉన్నారో అక్కడికే చేరారు. మొత్తం లెక్క చూడండి: ఆ నియోజకవర్గంలో ఏడు సాధారణ ఎన్నికలు, ఒక ఉప ఎన్నిక పోటీ చేస్తే గెలిచింది రెండే సార్లు.

ఇప్పుడు మన వైపు తిరుగుదాం. 1971లో తెలంగాణ ప్రజా సమితి మన పద్నాలుగు లోక్‌సభ స్థానాల్లో పది గెలిచింది. కార్మార్థెన్‌లో ఒక్కటి గెలిస్తే లండన్ కదిలింది, మనం పది గెలిచాం. ఆ ఏడాది తిరగక ముందే ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1969లో రక్తం చిందించిన పిల్లల తరఫున ఢిల్లీని అడిగే పార్టీ మళ్లీ నిలబడటానికి మూడు దశాబ్దాలు పట్టింది. గెలిచి పోగొట్టుకున్నది మనం, ఓడి నిలబెట్టుకున్నది వాళ్లు. 2012లో విలీనం మాట మళ్లీ వినబడింది. ఏ పార్టీ ఏం చేయాలో చెప్పడానికి నేను ఎవరిని? కానీ రాష్ట్రం చేతికి రాకముందు అడిగే గొంతును అప్పగించవద్దని మాత్రం మనందరం గట్టిగా చెప్పాలి.

తేడాలు లేవని నేను అనను. వేల్స్‌లో సొంత జనాన్ని ఒప్పించడానికే ఏళ్లు పట్టాయి, మనకు ఆ కొరత లేదు. అందుకే మన వాళ్లకు నిరాశ ఎక్కువ. ఇంతమంది కోరుతున్నా రాదా అన్న బాధతో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. నా మాటలన్నిటిలో ముఖ్యమైనది ఇదే. ఒక ఎన్నిక, ఒక ప్రకటన, ఒక కమిటీ నివేదిక మన ఆఖరి రోజు కాదు. మూడు ఓట్లతో ఓడిన మనిషి మరునాడు లేచి మళ్లీ తిరిగాడు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ తమ్ముళ్లతో, మేనల్లుళ్లతో, వాళ్ల హాస్టల్ దోస్తులతో ఈ మాట చెప్పండి. "రేపటి తెలంగాణలో నువ్వు ఉండాలె బిడ్డా, నీ కోసమే అడుగుతున్నం" అని చెప్పండి. మనం పంపే చందాల కన్నా ఈ ఒక్క ఫోను విలువ ఎక్కువ.

చివరగా 1997 సెప్టెంబరు 18. వేల్స్‌లో శాసనసభ కావాలా వద్దా అని రెండోసారి అడిగారు. రాత్రంతా జిల్లాల వారీగా ఫలితాలు వచ్చాయి. చివరికి ఒక్క జిల్లా మిగిలింది. అప్పటికి వద్దన్న వాళ్లే ముందున్నారు. మిగిలిన ఆ జిల్లా కార్మార్థెన్‌షైర్. అక్కడ కావాలన్న వాళ్లు దాదాపు 49 వేలు, వద్దన్న వాళ్లు 26 వేలు. మొత్తం వేల్స్ తీర్పు 6,721 ఓట్ల తేడాతో అవును అయింది. గ్విన్‌వర్‌కు అప్పుడు ఎనభై అయిదేళ్లు. 2011 మార్చిలో ఆ శాసనసభకు పూర్తి చట్టాధికారం ఇవ్వాలా అని అడిగితే 63.5 శాతం మంది అవునన్నారు.

ఉప ఎన్నికలతో తెలంగాణ వస్తదా అని అడిగారు. ఒక్క ఉప ఎన్నికతో రాదు. కానీ ఊరి బడి దగ్గర, చెరువు దగ్గర, పొలం దగ్గర నిలబడి అడుగుతూనే ఉంటే, ఆఖరి డబ్బా విప్పే రాత్రికి ఆ ఓట్లు అక్కడే ఉంటాయి.

జై తెలంగాణ.